అరమెట్టు పైకెక్కిన ఫిడేళ్ళు

ఒరేయ్ చిన్నోడా, ఆ ఎండిన టర్ఫ్ మట్టి గడ్డలు ఇంకో రెండు తెచ్చి పొయ్యిలో పక్కగా నిలబెట్టు. మీద పడేయకు, మంట అణిగిపోతుంది. ఆఁ, అంతే. ఇటు జరగండర్రా అందరూ. మన అమ్మలు ఫిడేలు పట్టుకుని ఎన్నిస్ ఊళ్ళో పాఠానికి వెళ్తోంది కదా, దానికో సందేహం వచ్చింది. "మా టీచరు 'ఎ' తీగని 440కి పెట్టమంటారు తాతయ్యా, పబ్బుల్లో వాయించే పెద్దవాళ్ళు కొందరు దానికన్నా పైకి బిగిస్తారు, ఎందుకు?" అని అడిగింది. ఒక్క ముక్కలో తేలే జవాబు కాదు. తీరిగ్గా చెబుతాను, మధ్యలో నిద్రపోయినవాళ్ళకి రేపు మళ్ళీ చెప్పను.

ముందు అసలు వాళ్ళు చేసేదేమిటో చూడండి. ఫిడేలుకి నాలుగు తీగలు. లావు తీగ దగ్గర్నుంచి లెక్కపెడితే జి, డి, ఎ, ఇ. లోకమంతా పాటించే వరస ఇది. ఐర్లండ్‌లో కొందరు ఆ నాలుగింటినీ కలిపి ఒక్క అరమెట్టు పైకెక్కిస్తారు. అరమెట్టంటే పియానో మీద ఒక మెట్టు నుంచి దాన్ని ఆనుకుని ఉన్న మెట్టుకి, నల్లదైనా సరే తెల్లదైనా సరే. అప్పుడు సెకనుకి 440 సార్లు కంపించాల్సిన 'ఎ' తీగ 466 సార్లు కంపిస్తుంది. వేళ్ళు మాత్రం ఎప్పుడూ పడే చోటే పడతాయి. వాయించేవాడి లెక్కలో అది 'డి', వినేవాడి చెవికి 'ఈ-ఫ్లాట్'. అందుకే దాన్ని ఈ-ఫ్లాట్‌లో వాయించడం అంటారు.

తీగలు బిగించే బదులు వేళ్ళే జరుపుకోవచ్చు కదా అంటావా? జరుపుకోవచ్చు. కానీ ఈ సంగీతం ప్రాణం సగం వేలు ఆనించని తీగల్లోనే ఉంది. రీళ్ళూ జిగ్గులూ అనే ఇక్కడి నాట్యపు పాటలు చాలావరకు డి లోనో, జి లోనో నడుస్తాయి. ఆరు రంధ్రాల చెక్క ఫ్లూటుకీ, విజిల్‌కీ హాయిగా పలికేవి అవే మరి. ఆ శ్రుతుల్లో వాయించేటప్పుడు ఫిడేలు మీద పక్క తీగ ఖాళీగా మోగుతూ తోడుంటుంది. అసలైన ఈ-ఫ్లాట్ వేళ్ళతో వాయించబోతే 'ఎ' తీగా, 'ఇ' తీగా ఖాళీగా మోగినప్పుడల్లా అపస్వరమే. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అలవాటైన వేళ్ళు కూడా తడబడతాయి. అందుకని వేళ్ళ జోలికి పోకుండా బిరడాలు తిప్పుకున్నారు.

నాకీ సంగతి తొందరగా బుర్రకెక్కడానికి ఒక కారణం ఉంది. మాది విజయనగరం. అక్కడ 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు ఆచార్యులు. ఆ ఊళ్ళో పుట్టి ఫిడేలు ముట్టుకోకుండా పెరగడం కష్టం. నేనూ సరళీ వరసలూ, రెండు గీతాలూ గీకి, వైద్యం చదువులో పడి వదిలేశాను. మన కచేరీలో ఫిడేలుకంటూ సొంత శ్రుతి ఉండదు. పాడేవారి గొంతు ఎక్కడుంటే తీగలు అక్కడికి రావాలి. మగవారు ఒకటో ఒకటిన్నరో, ఆడవారు ఐదో ఐదున్నరో అంటారు, ఫిడేలాయన కిక్కురుమనకుండా బిరడాలు తిప్పుకుంటాడు. కాబట్టి ఇక్కడివాళ్ళు శ్రుతి మార్చడం నాకేం వింత కాలేదు. ఇక్కడి పబ్బు గుంపులో పాడేవాడెవడూ లేడే, మరి ఎవరి కోసం మార్చారన్నదే నాకు అంతుబట్టలేదు.

అది తెలిసింది నేను ఇక్కడ క్లేర్ జిల్లాలో డాక్టరుగా చేరిన కొత్తలో. మోకాళ్ళ నొప్పులకి నా దగ్గర మందు తీసుకునే ఒక పెద్దాయన ఫిడేలు వాయించేవాడు. ఒక రాత్రి నన్నూ పబ్బుకి రమ్మన్నాడు. మేం వెళ్ళేసరికి మూలన అకార్డియన్ ఆయన కూర్చుని ఉన్నాడు. పెద్దాయన కోటు విప్పి, పెట్టె తెరిచి, ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఆయనకేసి చూశాడు. ఆయన మాట్లాడకుండా ఒక బొత్తాం నొక్కి, తిత్తి మెల్లగా లాగుతూ ఒకే స్వరం పట్టుకున్నాడు. పెద్దాయన 'ఎ' తీగ మీద కమాను ఆనించి బిరడా కొంచెం తిప్పాడు, విన్నాడు, ఇంకాస్త తిప్పాడు. మిగతా మూడూ దాని వెనకే. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటికొచ్చి చూస్తే మొదట బిగించిన తీగ జారి ఉంది. మళ్ళీ తిప్పాడు. తర్వాత ఫిడేలుని కంటి దాకా ఎత్తి, తీగల కింద నిలబడే ఆ చిన్న చెక్క బ్రిడ్జిని పక్క నుంచి చూసి, బొటనవేలితో దాని తల ఒక్క పిసరు వెనక్కి నెట్టాడు. తీగలు బిగిస్తే బ్రిడ్జి తల ముందుకి వాలిపోతుంది. చూసుకోకపోతే ఠపీమని పడుతుంది. ఇంత తతంగమూ నడిచినంతసేపూ ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు.

తర్వాత అడిగితే ఆయన చెప్పిన సారాంశం ఇదీ: ఆ అకార్డియన్ పెట్టె తిరగదు, నా బిరడాలు తిరుగుతాయి, తిరిగేవాడే తిరగాలి కదా. నేను ఆ తర్వాత ఇన్నేళ్ళుగా విన్నదీ చదివినదీ అంతా ఆ మాట చుట్టూ చేరిందే.

అకార్డియన్ లోపల మన హార్మోనియంలో ఉన్నట్టే లోహపు రీడ్లు ఉంటాయి. ఒక్కో రీడు ఒక్కో స్వరానికి గీసి పెట్టినది. ఆకురాయి పట్టుకుని కూర్చుంటే తప్ప మారదు, పబ్బులో కూర్చుని మార్చేది కాదు. ఐర్లండ్‌లో వాడే బొత్తాల అకార్డియన్‌కి రెండు వరసలు, ఒక వరసకీ రెండో వరసకీ అరమెట్టు తేడా. ఇటలీలో కాస్టెల్‌ఫిదార్డో నుంచి వచ్చే పావోలో సోప్రాని పెట్టెలంటే ఇక్కడి వాళ్ళు ప్రాణం పెడతారు. బి, సి వరసలున్నవి కొన్ని. సి-షార్ప్, డి వరసలున్నవి కొన్ని. డి, డి-షార్ప్ వరసలున్నవి ఇంకొన్ని. సి-షార్ప్, డి పెట్టె మీద తిత్తి నెట్టుతూ లాగుతూ వాయించే పాత పద్ధతి ఒకటుంది. అదే వేళ్ళతో డి, డి-షార్ప్ పెట్టె వాయించారనుకో, వేళ్ళు డి అనుకుంటాయి, పెట్టె ఈ-ఫ్లాట్ పలుకుతుంది. ఈ-ఫ్లాటన్నా డి-షార్పన్నా పియానో మీద ఒకే నల్ల మెట్టు.

అలా వాయించిన మొనగాడు జో కూలీ. గాల్వే జిల్లాలో పీటర్స్‌వెల్ అనే పల్లెలో 1924లో పుట్టాడు. ఇక్కడి టల్లా కేలీ బ్యాండు అనే నాట్యాల బ్యాండులో వాయించాడు, అమెరికా వెళ్ళి చాలాకాలం ఉన్నాడు, చివరికి సొంత ఊరు చేరుకున్నాడు. 1973 నవంబరులో వాళ్ళ ఊరి పబ్బులో ఆయన వాయిస్తుంటే రికార్డు చేశారు. తర్వాతి నెలలోనే పోయాడు. 1975లో ఆ పాటలతో రికార్డు వచ్చింది. నేనొచ్చేసరికి క్లేర్‌లో ఆ పేరు ఎత్తితే చాలు, వయసు మళ్ళినవాళ్ళు కూడా కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. ఆ వాయిద్యం విని ఆయన పక్కన కూర్చోవాలనుకునే ఫిడేలువాడు బిరడా తిప్పుకోక ఏం చేస్తాడు? ఆయన తర్వాత ఆయనలా వాయించాలని అవే పెట్టెలు కొనుక్కున్నవాళ్ళూ తక్కువేం కాదు. ఒక మనిషి చేతిలో పెట్టె ఒక ప్రాంతానికంతా శ్రుతి పెట్టడమంటే ఇదే.

పెట్టెలొక్కటే కారణమని అనుకోకండి. ఇంకా వెనక్కి వెళ్దాం. 'ఎ' అంటే 440 అని లోకమంతా ఒప్పుకున్నది నిన్న మొన్నటి ముచ్చట. 1939లో లండన్‌లో సభ పెట్టి అనుకున్నారు, ప్రమాణాల సంస్థ దాన్ని 1955లో కాగితం మీద పెట్టింది. అంతకు ముందు ఎవరి రాజ్యంలో వారిదే శ్రుతి. ఫ్రాన్సువాళ్ళు 1859లో చట్టం చేసి 435 అన్నారు. అదే కాలంలో ఇంగ్లండ్ ఆర్కెస్ట్రాలు 452 దాకా ఎక్కి కూర్చున్నాయి. 1896లో లండన్‌వాళ్ళు 439కి దిగొచ్చారు గానీ, సైన్యం బ్యాండ్లు పాత ఎత్తునే చాలాకాలం పట్టుకు వేలాడాయి. ఇత్తడి బ్యాండ్లయితే 1960ల దాకా దిగలేదు. పరికరాలన్నీ ఒక్కసారి మార్చాలంటే డబ్బెవరిస్తారు?

ఇదంతా ఐర్లండ్ పల్లెకి ఎలా వచ్చిందంటావా? సరుకుతో పాటే వచ్చింది. జర్మనీలో బోమ్ అనే ఆయన 1847లో కొత్త రకం ఫ్లూటు తయారుచేశాడు. ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్ళు మెల్లగా దానికి మారి, పాత చెక్క ఫ్లూట్లు వదిలించుకున్నారు. అవి చవకగా చేతులు మారి పల్లెవాళ్ళ దగ్గరికి చేరాయి. వాటిలో ఆ పాత ఎత్తు శ్రుతికి చేసినవీ ఉన్నాయి. కాన్సర్టీనాల సంగతీ అంతే. లండన్‌లో వీట్‌స్టన్, జెఫ్రీస్ వాళ్ళు చేసిన ఆ ఆరు పలకల చిన్న పెట్టెలు క్లేర్‌లో ఇంటింటి ఆడవాళ్ళ చేతుల్లో మోగేవి. పాతవాటిలో చాలా మటుకు 452 దగ్గర ఉండేవే. ఈనాటి లెక్కకి అది అరమెట్టులో ఇంచుమించు సగం పైన. ఫ్లూటుని కీలు దగ్గర కొంచెం పొడుగు లాగి దించొచ్చు గానీ, మరీ లాగితే స్వరాల మధ్య పొంతన చెడుతుంది. కాన్సర్టీనా అసలే దిగదు. మళ్ళీ ఫిడేలువాడే పైకెక్కాలి.

ఇక గ్రామఫోను. స్లైగో జిల్లాలో కిల్లావిల్ దగ్గర పుట్టిన మైకేల్ కోల్‌మన్ 1914లో అమెరికా వెళ్ళాడు. 1920ల్లో, 30ల్లో న్యూయార్క్‌లో ఆయన ఫిడేలు రికార్డులు బోలెడు వచ్చాయి. సముద్రం దాటి ఆ రికార్డులు ఐర్లండ్ వంటిళ్ళకి చేరాయి. పిల్లలు గ్రామఫోను పక్కన చేరి ముక్క ముక్క పట్టుకునేవారు. ఆ పళ్ళెం నిమిషానికి 78 సార్లు తిరగాలి. కానీ ఆ రోజుల్లో రికార్డు చేసిన వేగమూ, ఇంట్లో తిరిగే వేగమూ ఒకటే అన్న నమ్మకం లేదు. చేత్తో తాళం తిప్పే యంత్రం కదా. 78 తిరగాల్సింది 82, 83 మధ్య తిరిగిందంటే చాలు, పాట సరిగ్గా అరమెట్టు పైకి లేస్తుంది. దానితో కలిపి వాయించాలంటే ఫిడేలు దాని శ్రుతికి రావాలి. గ్రామఫోను కూడా తిరగని పెట్టే మరి.

మరో సంగతి, నాట్యం. వెనక ఇక్కడ డాన్సులు ఇళ్ళల్లోనే. వంటింట్లో బల్లలు పక్కకి జరిపి, ఒక ఫిడేలో ఒక కాన్సర్టీనానో మూల కూర్చుంటే రాత్రి గడిచిపోయేది. 1935లో ప్రభుత్వం డాన్సు హాళ్ళ చట్టం తెచ్చింది, లైసెన్సు లేకుండా జనాన్ని చేర్చి ఆడించకూడదని. ఇళ్ళల్లో డాన్సుల మీద పోలీసులూ ఫాదర్లూ కన్నేశారు. ఆట హాళ్ళలోకి మారింది. హాలు పెద్దది, నేల చెక్క, వందల బూట్ల చప్పుడు. ఒక్క ఫిడేలు ఎవరికి వినపడుతుంది? కేలీ బ్యాండ్లు పుంజుకున్నాయి, అకార్డియన్లూ పియానోలూ చేరాయి. ఆ మోతలో తీగ బిగువు పెంచితే ఫిడేలు గొంతు కొంచెం పదునెక్కి పైకి తేలుతుంది. అరమెట్టు ఎక్కిస్తే తీగ మీద లాగుడు నూటికి పన్నెండు వంతులు పెరుగుతుంది, లెక్క కడితే అంతే వస్తుంది. కమాను కింద తీగ గట్టిగా నిలబడుతుంది, శబ్దం చురుగ్గా వస్తుంది. కాళ్ళాడించేవాడికి కావలసింది ఆ చురుకే.

ఇక్కడ కథ ఒక మలుపు తిరుగుతుంది. మొదట అవసరం కొద్దీ ఎక్కారు. ఎక్కాక చెవికి రుచి తగిలింది. పెట్టెలేని చోట కూడా, ఇద్దరు ఫిడేలువాళ్ళే ఎదురెదురు కూర్చున్నా, ఈ-ఫ్లాట్‌కి బిగించుకునేవాళ్ళు తయారయ్యారు. అందులో మెరుపుంది అంటారు. ఫ్లూటువాళ్ళు డికి ఒకటి, ఈ-ఫ్లాట్‌కి ఒకటి, రెండు ఫ్లూట్లు సంచీలో మోస్తారు. జెనరేషన్ కంపెనీ రేకు విజిళ్ళు ఈ-ఫ్లాట్‌లో కూడా దొరుకుతాయి, డి విజిల్ కన్నా అదే ముద్దుగా పలుకుతుందని చెప్పేవాళ్ళు చాలామంది. గిటారు, బుజూకీ వాళ్ళది సుఖమైన బతుకు, మొదటి మెట్టు మీద బిగింపు తగిలించుకుంటే సరి.

నా పాత స్నేహితుడు, ఆ మోకాళ్ళ నొప్పి పెద్దాయన, ఈ మెరుపు మాట ఎత్తితే నవ్వేవాడు. చెవికి ఎక్కువ ఎత్తు ఎప్పుడూ మెరుపుగానే తోస్తుందని, ఓ నెల రోజులు ఆ ఎత్తులోనే ఉంటే అదే మామూలైపోతుందని, అప్పుడు ఇంకో అరమెట్టు ఎక్కాలని అంటారని ఆయన వాదన. దానికి సాక్ష్యంగా పైపులనే చూపించేవాడు. ఇలెన్ పైపులని ఉన్నాయి చూశారా, మోచేత్తో తిత్తి ఊదేవి. పాతకాలపువి సి లోనో, బి లోనో, ఇంకా కిందో ఉండేవి. గొంతు సన్నం, మెత్తన. ఒక గదిలో కూర్చుని వినడానికి చేసినవి. డ్రోహెడా నుంచి అమెరికా వెళ్ళి ఫిలడెల్ఫియాలో స్థిరపడిన టేలర్ సోదరులు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, అక్కడి పెద్ద నాటకశాలల్లో చివరి వరసకి కూడా వినపడాలని, గొట్టం వెడల్పు చేసి, శ్రుతి డి కి ఎక్కించి కొత్త పైపులు చేశారు. ప్యాట్సీ టూహీ లాంటి పైపులవాళ్ళు వాటితోనే అక్కడి రంగస్థలాలు ఏలారు. ఇవాళ పైపులంటే డి, అదే అసలు శ్రుతి అనుకుంటున్నాం. అదే ఒకప్పుడు పైకెక్కిన శ్రుతి!

దీనికి ఎదురు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. మిల్‌టౌన్ మాల్బేలో విల్లీ క్లాన్సీ అనే పైపులాయన పేరు మీద 1973 నుంచి ఏటా జూలైలో సంగీతం బడి నడుస్తుంది కదా, అక్కడికి వెళ్తే బి పైపులు, సి పైపులు వెతికి వెతికి వాయించే కుర్రాళ్ళు కనిపిస్తారు. వాళ్ళ పక్కన కూర్చునే ఫిడేలువాళ్ళు తీగలు కిందికి వదులు చేసుకుంటారు. ఆ వదులు తీగ గొంతు వేరు, లోతుగా, చెక్క మాట్లాడుతున్నట్టుంటుంది. పైకైనా కిందికైనా, జరిగేది చూడండి: తిరగని వాయిద్యం కదలకుండా కూర్చుంటుంది, బిరడాలున్నవాడు దాని దగ్గరికి వెళ్తాడు.

నా అభిప్రాయం కూడా అడుగుతారుగా, చెప్పేస్తాను. ఈ-ఫ్లాట్ పెట్టె ఆయన కోసం నలుగురూ బిరడాలు తిప్పుకోవడం మర్యాద. చాలా బాగుంటుంది కూడా. కానీ ఆ పెట్టె ఆయన లేని రోజున, అందరూ వచ్చి కూర్చునే సెషన్‌లో, మెరుపు కోసమని గుంపంతా ఈ-ఫ్లాట్‌కి బిగించుకుంటే, డి ఫ్లూటు ఒక్కటే ఉన్న కుర్రాడూ, పైపులు పట్టుకుని పొరుగూరి నుంచి వచ్చిన ముసలాయనా ఏం చేయాలి? గ్లాసు పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చోవాలి. కొన్నిచోట్ల కావాలనే అలా చేస్తారు, కొత్తవాళ్ళ బెడద లేకుండా. అదే బిరడా, అదే చెయ్యి. ఒకచోట కుర్చీ వేసినట్టు, ఇంకోచోట తలుపేసినట్టు. అందుకే తెలిసిన పెద్దలు ముందే మాట్లాడుకుంటారు, మొదటి గంట డి, తర్వాత కావాలంటే ఈ-ఫ్లాట్ అని.

అమ్మలూ, నీకు చెప్పేదింతే. ఏ గుంపులోనైనా కూర్చోగానే బిరడా ముట్టుకోకు, ఎవరి చేతిలో తిరగని వాయిద్యం ఉందో ముందు చూడు. ఎక్కించాల్సి వస్తే ఒక్కసారిగా లాగకు, నాలుగు తీగలూ కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో ఎక్కించు. బ్రిడ్జి తల మీద కన్నుంచు. సన్న తీగ ఇంకొకటి ఎప్పుడూ ఫిడేలు పెట్టెలో ఉండాలి, తెగితే ముందు తెగేది అదే. అది చెంప మీద తగిలితే ఎలా ఉంటుందో మాటలతో చెప్పలేను, దానికి మందు మాత్రం నా దగ్గరుంది.